మహమ్మారి వస్తే పక్క దేశంతో బోర్డర్ మూసేయాలా, కలిసి పనిచేయాలా?

నీలిపెన్ను:
కోవిడ్ టైంలో కెనడా, అమెరికా 2020 మార్చిలో బోర్డర్ మూసేశాయి, సరుకు లారీలు, అత్యవసర ప్రయాణాలు తప్ప. టూరిస్టుగా వచ్చే అమెరికన్లని కెనడా మళ్ళీ రానిచ్చింది 2021 ఆగస్టులో, అదీ వ్యాక్సిన్ వేసుకున్నవాళ్ళనే. ఇంకోసారి ఇలాంటిది వస్తే మొదట చేయాల్సిన పని ఇదే అంటాను నేను. పక్క దేశం ఏం చేస్తుందో మన చేతిలో ఉండదు, మన గేటు మన చేతిలో ఉంటుంది. కాదంటారా?

వానచినుకు:
కాదంటానండి. భూమ్మీద బోర్డర్‌కి గేటు ఒక్కటే ఉండదు, పక్కనే కాలిబాటలుంటాయి. 2019 జూన్‌లో ఉగాండాకి ఎబోలా వచ్చింది అలాగే. కాంగోలో తాతగారు చనిపోతే అక్కడికి వెళ్ళిన కుటుంబం, ఐసోలేషన్‌లో ఉండమన్నా కొందరు బయటపడి కాలిబాటన ఉగాండాకి వచ్చేశారు, వాళ్ళలో అయిదేళ్ళ పిల్లాడికి అప్పటికే రక్తపు వాంతులు. ఆ పిల్లాడు, తమ్ముడు, అమ్మమ్మ ముగ్గురూ చనిపోయారు. కానీ వాళ్ళనుంచి ఉగాండాలో ఇంకెవరికీ అంటలేదు! ఎందుకంటే ఒక్క కేసు కూడా రాకముందే, 2018 నవంబర్ నుంచే, బోర్డర్ వైపు హెల్త్ వర్కర్లకి ఉగాండా టీకాలు వేయిస్తోంది, వీళ్ళు దాటారని కాంగో వాళ్ళు వెంటనే కబురు పెట్టారు, తర్వాత రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని మిగతా కుటుంబాన్ని ట్రీట్‌మెంట్‌కి కాంగో పంపించారు. ప్రిపరేషన్ అంటే నాకు ఇదీ.

మూడోబెంచ్:
ఎబోలా లక్షణాలు బయటపడ్డాకే అంటుకుంటుంది కాబట్టి అక్కడ కుదిరింది. కోవిడ్‌లో ఏ లక్షణం లేనివాళ్ళూ అంటించారు. నార్వే, డెన్మార్క్ 2020 జూన్ 15న ఒకరికొకరు తెరుచుకుని, లాక్‌డౌన్ పెట్టని స్వీడన్‌ని బయటే ఉంచాయి. 2020లో జనాభా లెక్కన స్వీడన్‌లో కోవిడ్ చావులు నార్వే కంటే దాదాపు పది రెట్లు. పక్కవాళ్ళు పూర్తిగా వేరే దారి పట్టినప్పుడు కలిసి పనిచేయడం అంటే ఏం చేయాలో మీరే చెప్పండి.

వానచినుకు:
ఆ తేడా ఒక్క బోర్డర్ వల్లే అనలేం, దేశం లోపల పెట్టిన రూల్స్ కూడా వేరు. పైగా 2020 నుంచి 2022 దాకా అదనపు మరణాలు (మామూలుగా ఉండే చావుల కంటే ఎన్ని ఎక్కువ అన్న లెక్క) తీస్తే స్వీడన్ యూరప్‌లో తక్కువ ఉన్న దేశాల్లో ఒకటి. మూసేయడం వల్ల ఏమైందో కూడా చూడండి, 2020 మార్చి 15న పోలండ్ బోర్డర్ చెకింగ్ పెట్టగానే జర్మనీ వైపు లారీలు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయాయి, వారంలోనే యూరోపియన్ యూనియన్ సరుకు లారీలకి ప్రత్యేక దారులు పెట్టమని చెప్పాల్సొచ్చింది. లక్సెంబర్గ్ హాస్పిటళ్ళలో పనిచేసే నర్సుల్లో చాలామంది రోజూ ఫ్రాన్స్ నుంచి వచ్చేవాళ్ళే. అక్కడ పూర్తిగా మూసేస్తే పేషెంట్లని ఎవరు చూస్తారు?

పాతరేడియో:
మీరంతా బోర్డర్ దగ్గరే ఆగిపోయారు, వ్యాక్సిన్ సంగతో? 2021 జనవరి 20న ఇండియా నుంచి భూటాన్‌కి లక్షా యాభై వేల డోసులు ఉచితంగా వెళ్ళాయి, చాలా మంచి పని. తర్వాత ఇక్కడ సెకండ్ వేవ్ వచ్చి ఎగుమతులు ఆగితే నేపాల్‌లో మొదటి డోసు వేసుకున్న పెద్దవాళ్ళు రెండోదానికి నెలల తరబడి ఎదురుచూశారు, మూడు కోట్ల డోసులకి ఒప్పందం చేసుకున్న బంగ్లాదేశ్‌కి దాని కింద అప్పటికి అందినవి డెబ్భై లక్షలే. ఇక్కడ ఆక్సిజన్ లేక జనం చనిపోతుంటే పంపి ఉండాల్సిందని నేను అనను. కానీ ఒక్క దేశపు ఫ్యాక్టరీ మీద ఇన్ని దేశాలు ఆధారపడటమే తప్పు, అది రోగం లేనప్పుడే సరిచేసుకోవాలి.

ఇంకోటి, నాకు నిజంగా కోపం తెప్పించేది. 2021 నవంబర్‌లో దక్షిణాఫ్రికా సైంటిస్టులు ఒమిక్రాన్‌ని కనిపెట్టి దాచకుండా ప్రపంచానికి చెప్తే, రోజుల్లోనే చాలా దేశాలు వాళ్ళ ఫ్లైట్లు ఆపేశాయి. ఇలా చేస్తే ఈసారి ఏ దేశం ముందుగా చెప్తుంది?

నీలిపెన్ను:
లారీలు, నర్సుల విషయం ఒప్పుకుంటున్నా. కానీ కొత్త రోగం అన్నాక మొదటి రెండు వారాలు దాని గురించి ఎవరికీ ఏమీ తెలీదు, ఆ టైంలో మిగతా రాకపోకలు ఆపాల్సిందే, ఇందులో నేను మారను. ఎవరిని ఆపాలి, ఎవరిని వదలాలి, ఎప్పుడు తెరవాలి అన్నది మాత్రం పక్క దేశంతో ముందే కూర్చుని రాసుకోవచ్చు. ముందుగా చెప్పిన దేశానికి నష్టపరిహారం కూడా అందులో ఉండాలి. డబ్బు ఎవరు పెట్టాలంటారు, పాతరేడియో గారూ?