షుగర్ ఉన్న నాన్నకి చిగుళ్లలో పసుపు జెల్ పెడతామంటున్నారు, పెట్టించాలా?

తెనాలి అమ్మాయి:
నాన్నకి 62 ఏళ్లు, పదకొండేళ్లుగా షుగర్. మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) 8.6 వచ్చింది. పళ్లు తోముకుంటే రక్తం, కింది పళ్లు రెండు కదులుతున్నాయి. డాక్టర్ గీతలున్న సన్నటి పుల్లని పంటికీ చిగురుకీ మధ్య దించితే 6 మి.మీ. దిగింది. పక్కనే ఉన్నాను, తీయగానే రక్తం ఊరింది. డీప్ క్లీనింగ్ చేసి, లోపల కర్కుమిన్ (పసుపులో ఉండే పదార్థం) జెల్ పెడతామన్నారు. నాన్నేమో "క్లీనింగ్ చేస్తే పళ్లు వదులైపోతాయి, జెల్ ఒక్కటి చాలు" అని పట్టుబట్టారు. రోజూ పెరట్లో కలబంద కోసి చిగుళ్లకి రుద్దుకుంటున్నారు కూడా. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

చిగుళ్ల డాక్టర్, వరంగల్:
అమ్మా, ముందు క్లీనింగే. చిగురు కింద వేరుకి గార గట్టిగా పట్టేసి ఉంటుంది. అది గీకి తీయకుండా ఏ జెల్ పెట్టినా గార మీద పూత పూసినట్టే. పళ్లు వదులయ్యేది క్లీనింగ్ వల్ల కాదు, లోపల ఎముక అప్పటికే కరిగిపోవడం వల్ల. ఇన్నాళ్లూ గార అడ్డుగా ఉండి అది తెలియలేదు. వాపు తీశాక కొంత బిగుస్తాయి.

పసుపు, కలబంద జెల్స్ మీద మన దేశంలోనే షుగర్ పేషెంట్లతో అధ్యయనాలు జరిగాయి. క్లీనింగ్‌కి తోడుగా పెడితే లోతు, రక్తం ఇంకాస్త తగ్గినట్టు కొన్నిటిలో కనిపించింది. కానీ అవి కొద్దిమందితో, కొద్ది నెలలు చేసినవి. అందుకే జెల్ పెట్టించుకోండి, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. చిగుళ్లు బాగుపడితే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 దాకా తగ్గుతుంది. నాన్నగారికి ఇది తప్పకుండా చెప్పండి.

పైన రుద్దిన కలబంద 6 మి.మీ. లోపలికి పోదు. మేం జెల్‌ని మొద్దు సూదితో లోపలికి ఎక్కిస్తాం. పైగా ఆకు కోయగానే కారే పసుపుపచ్చ జిగురు కడుపులోకి పోతే విరేచనాలవుతాయి.

బందరు బాబాయ్:
రెండేళ్ల కిందట నాకూ చేశారమ్మా. మత్తు సూది ఇచ్చి నాలుగుసార్లుగా చేశారు, నొప్పి తెలియలేదు. మొదటిరోజు షుగర్ మాత్ర వేసుకుని టిఫిన్ తినకుండా వెళ్లాను, కుర్చీలోనే చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. నాన్నగారిని అలా తీసుకెళ్లొద్దు. తర్వాత రెండు వారాలు చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది. మూడు నెలలకి మళ్లీ కొలిస్తే 6 ఉన్నచోట 4 వచ్చింది.

తెనాలి అమ్మాయి:
నాన్నకి అన్నీ చదివి వినిపించాను. జిగురు సంగతి విన్నాక కలబంద కత్తి పక్కన పెట్టేశారు. గురువారం మొదటి సిట్టింగ్. బాబాయ్ గారూ, ఇడ్లీ తినిపించే తీసుకెళ్తాను.