హ్యాకర్ వంతు వస్తే మిగతావాళ్లు టీ పెట్టుకోవాల్సిందేనా?

మారతహళ్లి జీఎం:
అందరికీ నమస్తే. ఇక్కడ బెంగళూరులో మేం ఐదుగురం తెలుగువాళ్లం ఆదివారాలు టేబుల్‌టాప్ ఆర్పీజీ ఆడుతుంటాం, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. జీఎం (గేమ్ మాస్టర్, కథ నడిపించే మనిషి) నేనే. కథ 2070ల బెంగళూరులో నడుస్తుంది. మొన్నటి సెషన్‌లో వైట్‌ఫీల్డ్‌లోని ఒక గోదాంలోకి చొరబడ్డారు. హ్యాకింగ్ సీన్ 40 నిమిషాలు పట్టింది. ఆ 40 నిమిషాలూ మాట్లాడింది నేనూ, హ్యాకర్‌గా ఆడే ఆమే. పాస్‌వర్డ్‌కి ఒక రోల్ (పాచికలు వెయ్యడం), ఫైల్‌కి ఒక రోల్, మళ్లీ ఇంకో పాస్‌వర్డ్. మధ్యలో టపటపా చప్పుడైతే తలెత్తి చూశాను. ఒకరు పాచికలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే అవి కూలాయి. ఇంకొకరు బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్నారు. మూడో ఆయన వంటింట్లో టీ మరిగిస్తున్నారు. నాకు చాలా బాధేసింది.

ఇది మా ఒక్కరి గొడవ కాదు. 1989లో షాడోరన్ అనే ఆర్పీజీ వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. అందులో డెక్కర్ (హ్యాకర్‌కి అక్కడి పేరు) ఒక్కడే నెట్‌వర్క్‌లోకి దిగి గది తర్వాత గది తిరుగుతుంటే, మిగతా జట్టు బయట కాచుకుని కూర్చునేది. హ్యాకింగ్‌ని ఒక్క రోల్‌తో తేల్చెయ్యాలా, సీన్‌గా ఆడించాలా? ఆడించాలనే నా పక్షం, కానీ ఎలా?

బెల్లందూరు పాచిక:
ఒక్క రోల్ చాలండీ. తాళం తియ్యడానికి ఒక్క రోలే కదా వేస్తాం, అందులో ఉన్న పిన్నులన్నీ లెక్కపెట్టం. సర్వర్‌కి మాత్రం ఎందుకంత మర్యాద? వారమంతా ఆఫీసులో కష్టపడి, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని వచ్చేది నలుగురితో ఆడుకోవడానికి. ఒకరి ఆట చూడటానికి కాదు.

నెట్‌రన్నర్ పక్షం:
మా టేబుల్ దగ్గర హ్యాకర్‌ని నేనే. అందరూ ఎదురుచూస్తున్నారని తెలిసి నా అంతట నేనే "పోనీ వదిలేద్దాం, తలుపు పగలగొట్టండి" అనేసిన రోజులున్నాయి. నెల రోజులు కూర్చుని తయారుచేసుకున్న క్యారెక్టర్ అది. ఫైటింగ్ గంటసేపు నడిచినా దాన్ని ఒక్క రోల్‌కి కుదించమని ఎవరూ అడగరు. ఎందుకంటే అందులో అందరికీ వంతు ఉంటుంది. అంటే మన బాధ నిడివితో కాదు, వంతు రాకపోవడంతో.

మారతహళ్లి జీఎం:
అసలు మాట చెప్పారండీ. నిన్న దాన్నే పట్టుకుని అదే గోదాం మళ్లీ ఆడించాను. 2020లో వచ్చిన సైబర్‌పంక్ రెడ్ అనే ఆర్పీజీలో రెండు నియమాలున్నాయి. నెట్‌వర్క్‌లోకి దారి ఇచ్చే యాక్సెస్ పాయింట్‌కి 6 మీటర్ల లోపు ఉంటేనే నెట్‌రన్నర్ (అంటే హ్యాకర్) లోపలికి వెళ్లగలడు. నెట్‌లో చేసే పనులు కూడా మిగతావాళ్ల రౌండ్లలోనే, తన వంతులోనే చెయ్యాలి. ర్యాంకుని బట్టి ఒక వంతులో 2 నుంచి 5 పనులు. ఈ రెండూ తీసుకున్నాను. దానికి తోడు బ్లేడ్స్ ఇన్ ది డార్క్ అనే ఇంకో ఆర్పీజీలో ఉండే గడియారం. కాగితం మీద వృత్తం గీసి 6 ముక్కలు చేసి టేబుల్ మధ్యలో పెట్టాను. హ్యాకర్ రోల్ తప్పినా, బయట తుపాకీ పేలినా ఒక ముక్క నల్లబడుతుంది. ఆరూ నిండితే అలారం.

నాలుగు ముక్కలు నిండేసరికి ఆమెకి ఆ వంతులో ఒక్క పనే మిగిలింది. కెమెరా ఆపితే గార్డు కంటపడకుండా ఒకాయన బయటపడతారు, లిఫ్ట్ తెరిస్తే ఇంకొకాయన పైకి చేరతారు. ఇద్దరూ కుర్చీల్లోంచి లేచి ఆమెని బతిమాలారు. టీ గిన్నె పొయ్యి మీదే మాడింది.

బెల్లందూరు పాచిక:
అలాగైతే నాకూ సమ్మతమే. కానీ 6 మీటర్ల నియమం కథకి అతకదు. హ్యాకింగ్ అంటేనే ఇంట్లో కూర్చుని చేసేది కదా?

నెట్‌రన్నర్ పక్షం:
నా ఉద్యోగం నెట్‌వర్క్ సెక్యూరిటీలోనే, అందుకని చెప్తున్నాను. బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా విడిగా ఉంచే సిస్టమ్‌లు నిజంగానే ఉంటాయి. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ యూఎస్‌బీ డ్రైవ్‌ల ద్వారా కూడా పాకింది. అలాంటి చోట ఎవరో ఒకరు దాన్ని చేత్తో లోపలికి మోసుకెళ్లాలి. కాబట్టి గోదాం సర్వర్‌కి బయటి లైనే లేదని జీఎం ముందే చెప్తే కథ చెడదు. పైగా హ్యాకర్‌ని అక్కడిదాకా కాపాడి తీసుకెళ్లడమే మిగతావాళ్లకి పెద్ద పని అవుతుంది.

బయటి లైన్ ఉన్న చిన్న పనులుంటాయి, వీధి చివర కెమెరా లాంటివి. వాటికి మాత్రం మీరన్నట్టు ఒక్క రోల్ వేసి ముందుకెళ్లిపోదాం.

బెల్లందూరు పాచిక:
సరే, చిన్నవి నావి, పెద్దవి మీవి. వచ్చే ఆదివారం మా వాళ్లతో గడియారం గీసి చూస్తాను. మేం ఏడుగురం, మాకు ఆరు ముక్కలు చాలవేమో, ఎనిమిది చేస్తాను.