మెటియా వ్యాలీ హైస్కూలు స్థలం మారకముందు గీసిన పాత సరిహద్దుల మ్యాపు కావాలి

నమస్కారమండీ. షికాగో శివార్లలోని ఇండియన్ ప్రెయిరీ స్కూల్ డిస్ట్రిక్ట్ 204 (నేపర్‌విల్, అరోరా వైపు ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయాలి. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ప్రాజెక్టు కోసం ఈ డిస్ట్రిక్ట్ ఎలా పెరిగిందో మ్యాపుల మీద చూపించాలనుకుంటోంది.

మాకు దొరికినంతవరకు: 1972లో రెండు చిన్న డిస్ట్రిక్టులు కలిసి 204 ఏర్పడింది. హైస్కూళ్లు వాబాన్సీ వ్యాలీ 1975లో, న్యూక్వా వ్యాలీ 1997లో, మెటియా వ్యాలీ 2009లో మొదలయ్యాయి. చిక్కంతా మూడోదానితోనే. 2006లో ఓటర్లు బాండ్లకు (అంటే కట్టడానికి అప్పు తేవడానికి) ఒప్పుకున్నప్పుడు స్కూలు కట్టాలనుకున్నది బ్రాక్-బ్రోడీ స్థలంలో. కోర్టులో ఆ భూమి ధర బాగా ఎక్కువగా తేలడంతో చివరికి ఇయోలా రోడ్డు మీద కట్టారు. దాంతో ఏ ఇల్లు ఏ హైస్కూలుకు అన్న లెక్క కూడా మళ్లీ వేశారు. కథలో అసలు మలుపు అదే, అందుకే వదలబుద్ధి కావడం లేదు.

ఇప్పటివరకు చేసినవి: డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్ వెతికితే మాకు ఇప్పటి సరిహద్దులే కనిపించాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 2006–2008 నాటి పేజీలు తెరుచుకున్నాయి కానీ మ్యాపుల పీడీఎఫ్‌లు తెరుచుకోలేదు. లైబ్రరీలో రెండు శనివారాలు పాత పేపర్లు తిరగేశాం, వార్తలున్నాయి, మ్యాపు లేదు. ప్రాజెక్టుకు ఇంకా మూడు వారాల గడువుంది.

బ్రాక్-బ్రోడీ స్థలాన్ని దృష్టిలో పెట్టుకుని గీసిన ఆ మొదటి సరిహద్దుల మ్యాపు, కాగితం మీదైనా సరే, ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?