అప్‌డేట్: "అవర్ హస్బెండ్" బాధ చాలావరకు తీరింది

పోయిన నెల అడిగాను కదా, ఇంగ్లీషు నేర్చుకుంటున్న మా అమ్మ నాన్నని "అవర్ హస్బెండ్" అంటోంది, ఎలా మాన్పించాలి అని. పెళ్ళి ఆల్బమ్ ముందు పెట్టుకుని మాట్లాడించమని మీలో ఒకరు చెప్పారు. అదే చేశాను.

తప్పు ఎక్కడుందో మొదటి రోజే తెలిసింది. మనం "మా ఆయన" అంటాం, "నా ఆయన" అనం. మనుషుల దగ్గర 'మా' వస్తే 'మై' అనమన్నాను. రెండు రోజుల్లో దారికొచ్చింది.

అసలు తంటా 'తన'తో. "అన్నయ్య తన కూతురితో" అంటే ఆ మాటలో ఆడా మగా తెలియదు. అమ్మేమో పిల్లని చూసి "హర్ డాటర్" అనేసింది. ఫొటోలో మామయ్య మీద వేలు పెట్టించి, "ఎవరి కూతురు? ముందు ఆయన్ని చూడు" అన్నాను. అప్పుడు "హిజ్" వచ్చింది.

వదిన వాళ్ళమ్మ ఫొటో రాగానే "మై బ్రదర్స్ వైఫ్స్ మదర్" అని గుక్క తిప్పుకోకుండా చెప్పి, "అత్తయ్య అంటే పోయేదానికి ఇంత పొడుగా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నిన్న పక్కింటావిడతో "అవర్ హౌస్" అని, నాలుక కరుచుకుని "సారీ, మై హౌస్" అని దిద్దుకుంది. మొదటిదీ కరెక్టేనని చెబితే నా మీద కోపం!