బూట్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ అవ్వట్లేదు, లాగిన్ అయ్యాక చేత్తో చేస్తే అవుతోంది

ప్రశ్న:
మా లినక్స్ సర్వర్‌లో /డేటా ఫోల్డర్‌కి వేరే సర్వర్‌లోని ఫైళ్లని ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా మౌంట్ చేస్తాం, అంటే తగిలిస్తాం. రీబూట్ అయిన ప్రతిసారీ ఆ ఫైళ్లు /డేటాలో కనపడట్లేదు. లాగిన్ అయి ‘మౌంట్ -ఎ’ కొడితే వెంటనే వచ్చేస్తోంది. ఎఫ్‌స్టాబ్‌లో (ఏవి మౌంట్ చేయాలో రాసే ఫైల్) _నెట్‌డెవ్ (దీనికి నెట్‌వర్క్ కావాలని చెప్పే ఆప్షన్) ఉంది, స్టాటిక్ ఐపీ (మారని అడ్రస్). జర్నల్‌లో (సిస్టమ్ లాగ్) ‘నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్’ అని ఉంది. రాత్రి బ్యాకప్ దీని మీదకే వెళ్తుంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ ఆప్షన్ పెట్టండి, మౌంట్ అవ్వకపోయినా బూట్ ఆగదు.

జవాబు 2:
ముందు ఆ బ్యాకప్ ఆపండి. మౌంట్ అవ్వని రోజు అది /డేటా అనే ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే లోకల్ డిస్క్ మీదే రాస్తుంది. తర్వాత మీరు మౌంట్ చేయగానే ఆ ఫైళ్లు కింద కప్పబడిపోతాయి. డీఎఫ్ (డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూపే కమాండ్) డిస్క్ నిండిందంటుంది, డీయూకి (ఫోల్డర్ల సైజు లెక్కించే కమాండ్) మాత్రం ఏమీ కనపడదు. రూట్‌ని (/) వేరేచోట బైండ్ మౌంట్ చేసి, అంటే ఇంకో ఫోల్డర్‌లోనూ కనపడేలా తగిలించి చూడండి, బయటపడతాయి. నోఫెయిల్ ఒక్కటే పెడితే ఈ ప్రమాదం అలాగే ఉంటుంది. బ్యాకప్ సర్వీస్ ఫైల్‌లో ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/డేటా’ రాయండి. మౌంట్ లేకపోతే బ్యాకప్ మొదలే కాదు.

ఇక అసలు సంగతి. _నెట్‌డెవ్ మౌంట్‌ని నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ (బూట్‌లో ‘నెట్‌వర్క్ వచ్చింది’ అనే మజిలీ) తర్వాతి వరసలో నిలబెడుతుంది, అంతే. నెట్‌వర్క్ వచ్చేదాకా నిజంగా కాచుకునేది వెయిట్-ఆన్‌లైన్ సర్వీస్. అది ఆఫ్‌లో ఉంటే ఆ టార్గెట్ దేనికీ ఆగదు. నెట్‌వర్క్‌ని నడపడానికి నెట్‌వర్క్‌మేనేజర్ వాడుతుంటే దాని వెయిట్-ఆన్‌లైన్ సర్వీస్, సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ అయితే దానిది ఎనేబుల్ అయి ఉందో లేదో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
నెట్‌వర్క్‌మేనేజర్‌ది డిసేబుల్ అయి ఉంది. బూట్ త్వరగా అవ్వాలని ఎవరో ఆపినట్టున్నారు. ఆన్ చేశాను. ఇప్పుడు ‘ఫెయిల్డ్ టు రిసాల్వ్ సర్వర్’ అంటోంది. కప్పబడిన ఫైళ్లు కూడా దొరికాయండీ, చాలా ఉన్నాయి.

జవాబు 2:
మెసేజ్ మారిందంటే ఒక అడుగు ముందుకు పడినట్టే. స్టాటిక్ ఐపీ కాబట్టి లింక్ లేవగానే మెషీన్ ‘ఆన్‌లైన్’ అనుకుంటుంది. కానీ స్విచ్‌లో పాత స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూప్‌లు రాకుండా చూసే పద్ధతి) నడుస్తుంటే, డిఫాల్ట్‌గా ఆ పోర్ట్ 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటుంది. ఆ అర నిమిషం ప్యాకెట్ ఒక్కటీ దాటదు, డీఎన్‌ఎస్‌ని (పేరుకి ఐపీ చెప్పే సేవ) అడిగినా జవాబు రాదు. స్విచ్ చూసేవాళ్లతో ఆ పోర్ట్‌ని ఎడ్జ్ పోర్ట్‌గా (ఆగకుండా వెంటనే ప్యాకెట్లు పంపేలా) పెట్టించండి. ఈలోగా ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ పేరు, ఐపీ హోస్ట్స్ ఫైల్‌లో (పేర్లు, ఐపీలు మెషీన్‌లోనే రాసుకునే ఫైల్) రాయండి. పేరు తెలిస్తే చాలు, సర్వర్ అందకపోయినా మౌంట్ మామూలుగా 2 నిమిషాల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది.

జవాబు 3:
ఎఫ్‌స్టాబ్‌లో ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్ ఆప్షన్ కూడా బావుంటుంది. ఫోల్డర్‌ని ఎవరైనా ముట్టుకున్నప్పుడే మౌంట్ అవుతుంది. బూట్‌లో వేలాడకుండా సాఫ్ట్ ఆప్షన్ పెడితే?

జవాబు 2:
ఆటోమౌంట్ సరే. సాఫ్ట్ మాత్రం బ్యాకప్ రాసే చోట వద్దండీ. టైమ్‌అవుట్ అయితే ప్రోగ్రామ్‌కి ఎర్రర్ ఇచ్చి వదిలేస్తుంది, ఆ ఎర్రర్‌ని ప్రోగ్రామ్ పట్టించుకోకపోతే సగం రాసిన ఫైలే బ్యాకప్ అయి కూర్చుంటుంది. డిఫాల్ట్‌గా ఉన్న హార్డ్‌నే (సర్వర్ పలికేదాకా ప్రయత్నిస్తూనే ఉండేది) ఉంచండి. ఎఫ్‌స్టాబ్ మార్చాక డీమన్-రీలోడ్ కొట్టండి, అప్పుడే సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసులు, మౌంట్లు నడిపేది) ఆ మార్పుని చదువుకుంటుంది.