మట్టి కప్పుల్లో సన్న పగుళ్లు ఎడ్డీ కరెంట్ మెషీన్‌కి దొరుకుతాయా?

ప్రశ్న: మేము స్టోన్‌వేర్ (బాగా ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టి) కప్పులు చేస్తాం. కిల్న్‌లోంచి (కాల్చే బట్టీలోంచి) తీసినప్పుడు బాగానే ఉంటున్నాయి, వేడి టీ పోస్తే కొన్నిటికి అడుగున వెంట్రుక లాంటి పగులు బయటపడుతోంది. మా బావ వాళ్ల వర్క్‌షాప్‌లో షాఫ్టుల పగుళ్లు ఎడ్డీ కరెంట్ మెషీన్‌తో పట్టేస్తారు. అది అద్దెకు తెచ్చుకోవచ్చా? ఆర్డర్ ఇచ్చే రోజు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: వద్దండీ, డబ్బు దండగ. ఆ ప్రోబ్‌లో తీగచుట్ట ఉంటుంది. అందులో ఏసీ కరెంట్ పారితే, దగ్గరున్న లోహంలో సుడి కరెంట్లు పుడతాయి. పగులు అడ్డొస్తే అవి దారి మళ్లుతాయి, ఆ తేడానే తెర మీద కనిపిస్తుంది. కాల్చిన మట్టిలో కరెంటే పారదు కాబట్టి ప్రోబ్ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. అయస్కాంతం పెట్టి ఇనుప పొడి చల్లే పద్ధతీ మీకు పనికిరాదు. అది అయస్కాంతానికి గట్టిగా అతుక్కునే లోహాలకే.

కప్పుని అరచేతిలో నిలిపి చెక్కపుల్లతో అంచు మీద మెల్లగా కొట్టండి. బాగున్నది ఖంగుమని మోగి కాసేపు సాగుతుంది, పగిలినది బొంగురుగా పలికి ఆగిపోతుంది. అనుమానం ఉన్నవాటికి అడుగున సిరా రాసి, కాసేపాగి తుడవండి. పగులు పైకి తెరుచుకుని ఉంటే గీత రంగు పట్టి నిలుస్తుంది.

ఇంకో జవాబు: ఏరివేత సరే, పగులు ఎక్కడ పుడుతోందో చూడండి తమ్ముడూ. ఒక కప్పు పగలగొట్టి, భూతద్దంతో పగులు అంచులు చూడు. గ్లేజ్ (పైన గాజులా మెరిసే పూత) లోపలికి కారి అంచులు గుండ్రంగా ఉంటే, అది గ్లేజ్ కరగకముందే పడింది. అంచులు కత్తిలా పదునుగా ఉంటే, చల్లారేటప్పుడు పడింది. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం పరిమాణం ఒక్కసారిగా మారుతుంది, అక్కడ తొందరపడకూడదు.

ప్రశ్న: చూశానన్నా, అంచులు గుండ్రంగానే ఉన్నాయి. పగులు కూడా ఎస్ ఆకారంలో ఉంది.

జవాబు: అయితే చల్లార్చడంలో తప్పు లేదు, సారె మీద కప్పు చేసేటప్పుడూ ఆరబెట్టేటప్పుడూ సరిదిద్దుకోవాలి. అడుగుని వేళ్లతో అంచు నుంచి మధ్యకీ, మధ్య నుంచి అంచుకీ గట్టిగా నొక్కు. లోపల నిలిచిన నీళ్లు స్పాంజితో తీసెయ్. అంచు గట్టిపడగానే బోర్లించి, గాలి తగలనిచోట ఆరబెట్టు. బావగారి మెషీన్‌తో మీ పగ్‌మిల్ (మట్టి పిసికే యంత్రం) షాఫ్ట్ ఒకసారి చూపించు, అది ఉక్కే కదా.