మల్లార్డ్ రికార్డ్ కొట్టిన రోజు మధ్య సిలిండర్ బేరింగే ఎందుకు పోయింది?

యార్క్_తెలుగోడు:
మొన్న వీకెండ్ యార్క్‌లో రైల్వే మ్యూజియంకి వెళ్ళొచ్చా, మల్లార్డ్ అనే ఆవిరింజన్ ముందు నుంచుని అరగంట కదల్లేదు, మా ఆవిడ వెళ్ళి టీ తాగొచ్చినా నేను అక్కడే ఉన్నా. 1938 జులై 3న స్టోక్ బ్యాంక్ దిగుడులో గంటకి 126 మైళ్ళు, అంటే 203 కిలోమీటర్లు. ఆవిరింజన్లలో ఇప్పటికీ అదే రికార్డు. కానీ ఆ పరుగయ్యాక లండన్ దాకా వెళ్ళనేలేదట, మధ్య సిలిండర్ బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ తోసే రాడ్డు ఇరుసు వంపుని, అంటే క్రాంకుని, పట్టుకునే చోట ఉండేది) వేడెక్కి పాడైపోయి పీటర్‌బరోలో ఇంజన్ మార్చాల్సొచ్చిందట. నాకు అర్థం కానిది, అసలు లోపల ఇంకో సిలిండర్ దేనికి? మన దేశంలో నడిచిన డబ్ల్యూపీ ఆవిరింజన్‌కి బయట రెండే కదా. సరే పెట్టారు, మరి మూడింట్లో అదే ఎందుకు పోయింది?

షెడ్_పిల్లోడు:
మొదటిదానికి నేను చెప్తా. బ్రిటన్‌లో బ్రిడ్జీలు, సొరంగాలు, ప్లాట్‌ఫారాలు అందరికంటే ముందు కట్టేసుకున్నారు, దాంతో బండి వెడల్పు సుమారు 9 అడుగులు దాటనివ్వరు. సిలిండర్ లావు పెంచితే వెళ్ళి ప్లాట్‌ఫారాన్ని గీకుద్ది. మనది 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్, పక్కన చోటు బోలెడు, అందుకే రెండు పెద్ద సిలిండర్లు బయట తగిలించేసి హాయిగా నడిపారు. వాళ్ళకి పవర్ కావాలంటే ఫ్రేముల మధ్యలోకి దూరాల్సిందే. ఇంకో లాభం కూడా ఉందిలెండి, మూడు క్రాంకులు 120 డిగ్రీల తేడాతో పెడితే చక్రం ఒక్క చుట్టులో ఆరు తోపులు పడతాయి, లాగుడు సాఫీగా ఉంటుంది, పట్టా మీద సుత్తి దెబ్బలు కూడా తగ్గుతాయి. మా బాబాయి లోకో షెడ్‌లో ఫిట్టర్, లోపలి సిలిండర్ మాటెత్తితే మాత్రం దండం పెట్టేవాడు, పిట్‌లోకి దిగి నడుం వంచితే గానీ చెయ్యి అందదు కదా 😄

రాడ్డూ_క్రాంకూ:
రెండోది నాకు ఇష్టమైన టాపిక్, కొంచెం లెంగ్త్ అవుద్ది, ఓపిగ్గా చదవండి. బయటి రెండు సిలిండర్లకీ వాల్షార్ట్స్ వాల్వ్ గేర్ (సిలిండర్‌లోకి ఆవిరి వదిలే వాల్వుని కదిపే లింకుల సెట్) ఉంది. లోపలిదానికి వేరే సెట్ పెట్టకుండా మల్లార్డ్ డిజైనర్ గ్రెస్లీ ఏం చేశాడంటే, 120 డిగ్రీల తేడాలో ఉన్న మూడు కదలికలు కలిపితే ఎప్పుడూ సున్నానే కదా, అంటే ఎడమా కుడీ వాల్వులు ఎంత కదిలాయో కలిపి తిరగేస్తే మధ్యది ఎంత కదలాలో వచ్చేస్తుంది. ఆ కూడికని రెండు లివర్లతో చేయించాడు, పెద్దది 2:1, దాని పొట్టి కొసకి ఇంకోటి సమానమైంది. హెరాల్డ్ హోల్‌క్రాఫ్ట్ అనే ఇంజనీర్ చెయ్యి కూడా ఉంది ఇందులో. పేపర్ మీద చూస్తే ముద్దొస్తుంది.

చిక్కెక్కడంటే, ఈ లివర్ల పిన్నులు అరిగేకొద్దీ ప్రతి జాయింట్‌లో కాస్త కాస్త లూజు వచ్చి, అదంతా పోగై మధ్య వాల్వు దగ్గర తేల్తుంది. పైగా స్పీడులో లివర్లు వంగుతాయి కూడా. 6 అడుగుల 8 అంగుళాల చక్రం 126 మైళ్ళలో సెకనుకి దాదాపు 9 చుట్లు తిరుగుతుంది, ఊహించుకోండి. అప్పుడు మధ్య వాల్వు అనుకున్నదానికంటే ఎక్కువ తెరుచుకుని, ఆ సిలిండర్ తన వాటా కంటే ఎక్కువ పని చేస్తుంది, ఆ బరువంతా పడేది పాపం ఆ బిగ్ ఎండ్ మీదే.

బై ది వే గ్రెస్లీ 126 ఒప్పుకోలేదు, 125 అనే అనేవాడు.

యార్క్_తెలుగోడు:
అబ్బ, సున్నా లెక్క సూపర్ అండీ. అయితే డిజైనే తప్పన్నమాట?

షెడ్_పిల్లోడు:
తప్పే మరి. ఆ లివర్లు ఉండేది స్మోక్‌బాక్స్ (బాయిలర్ ముందు పొగ, బూడిద చేరే పెట్టె) కింద, ముందువైపు. స్మోక్‌బాక్స్ ఊడ్చిన ప్రతిసారీ బూడిద వాటి మీదే రాలుద్ది. యుద్ధంలో షెడ్లలో మనుషులు లేరు, చూసేవాడెవడు? 1941లో గ్రెస్లీ పోయాక ఆయన స్థానంలో థాంప్సన్ వచ్చి తన ఇంజన్లలో మూడు సిలిండర్లకీ మూడు వేరే సెట్లు పెట్టాడు. 2008లో కొత్తగా కట్టిన టోర్నడో ఆవిరింజన్‌కీ మూడు సెట్లే.

రాడ్డూ_క్రాంకూ:
అంత తేలిగ్గా తీసిపారేయకు తమ్ముడూ. 1950ల్లో స్విండన్ వర్క్‌షాప్ నుంచి కెన్నెత్ కుక్ అనే ఇంజనీర్ డాంకాస్టర్ వర్క్‌షాప్‌కి వచ్చి, ఫ్రేములు ఆప్టికల్ పరికరాలతో కొలిచి సరిగ్గా నిలబెట్టించి, లోపలి బిగ్ ఎండ్ బేరింగ్ మాత్రం స్విండన్ పద్ధతిలో మార్పించాడు. లివర్లు అవే. అయినా ఈ బేరింగ్ గొడవ చాలావరకు పోయింది. మల్లార్డ్ అదే గేర్‌తో 1963 దాకా నడిచింది కదా, దానికేమంటావ్?

షెడ్_పిల్లోడు:
స్విండన్ వాళ్ళలా ప్రతి షెడ్డూ కొలిచి కూర్చోదు అన్నా, అదీ నా బాధ.

యార్క్_తెలుగోడు:
మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి గానీ, ఆ స్పీడులో లోపల బేరింగ్ కాలుతోందని డ్రైవర్‌కి ఎలా తెలిసింది? కనపడదు కదా.

రాడ్డూ_క్రాంకూ:
వాసన బాబూ. బిగ్ ఎండ్‌లో సోంపు నూనె సీసా ఒకటి దాచేవారు, వేడెక్కితే పగిలి సోంపు వాసన గుప్పుమంటుంది. ఆ రోజు డ్రైవర్ జో డడింగ్టన్‌కి ముక్కే చెప్పింది, వెంటనే స్పీడు తగ్గించేశాడు.